మూడంగుళాలు కోసిన 1950 షెవర్లే పికప్ క్యాబ్: పాత అతుకులు విప్పి మళ్లీ నిలబెట్టిన కేస్ స్టడీ

ఈ క్యాబ్ మీద వచ్చిన ఫిర్యాదులు రెండే. ముందు అద్దం ఎన్నిసార్లు మార్చినా పగిలిపోతోంది. తలుపులు భుజంతో నెడితే గానీ పడటం లేదు. రెండింటికీ మూలం రంగు కింద, పుట్టీ కింద, ఎప్పుడో ఎవరో చేసిన కోతలో ఉంది. తుప్పు పట్టిన క్యాబ్‌ను బాగుచేయడం ఒక పని, ఒకసారి కోసి అతికిన క్యాబ్‌ను బాగుచేయడం మరో పని. రెండోదానిలో ముందు ఆ పాత కోతను చదవాలి. అది చదవకుండా రేకు మార్చడం మొదలుపెడితే కొత్త రేకు పాత వంకరనే పట్టుకుంటుంది.

బండి అమెరికాలో నడిచిన షెవర్లే 3100, అరటన్ను పికప్, వీల్‌బేస్ 116 అంగుళాలు. 1947 వేసవిలో వచ్చి 1955 మొదటి నెలల దాకా తయారైన 'అడ్వాన్స్ డిజైన్' వరుసలోది. ఈ వరుస క్యాబ్‌లు రెండు రకాలు: వెనక ఒక్క కిటికీ ఉన్నవి, దానికి తోడు వెనక మూలల్లో వంపు అద్దాలు ఉన్నవి. ఇది మొదటి రకం. టాప్ కోసిన క్యాబ్‌కు ఇది అదృష్టమే. మూలల వంపు అద్దాన్ని కోసి పొట్టి చేయడం దాదాపు కుదరని పని, అక్రిలిక్‌తో సరిపెట్టుకోవాలి. ఇందులో అద్దాలన్నీ చదునైనవే. ముందు అద్దం మధ్యలో పట్టీతో రెండు ముక్కలు, ఒకే ముక్క అద్దం 1954లో గానీ రాలేదు. 1951 నుంచి తలుపుకు వచ్చిన త్రికోణపు చిన్న కిటికీ కూడా 1950 తలుపుకు లేదు. అంటే తలుపులో కోయాల్సిన ఫ్రేము ఒకటి తగ్గినట్టే.

పాత పనిలో జరిగింది 'చాప్'. క్యాబ్ స్తంభాల నుంచి మూడంగుళాలు, అంటే 76 మి.మీ. ఎత్తు తీసేసి కప్పును కిందకు దించి అతికారు. దాంతోపాటు ఇంజిన్ గోడలో డిస్ట్రిబ్యూటర్ కోసం గుంట చేశారు. 1949 నుంచి సీటు వెనక క్యాబ్‌లోనే ఉండే పెట్రోలు ట్యాంకును తీసేసి, కుడివైపు దాని మూతి రంధ్రాన్ని రేకు పెట్టి మూసేశారు. క్యాబ్ వెనక కాళ్లను, అంటే క్యాబ్‌ను నిలిపే ఆధారాలను, ఛాసిస్‌కు నేరుగా వెల్డ్ చేశారు. ఈ చివరిది చూడటానికి చిన్నదే, చేసిన చెడు మాత్రం చాలా పెద్దది.

కొలతలు ఏం చెప్పాయి

రంగు తీయకముందే కొలతలు రాసుకోవాలి. ఒకసారి రేకు విప్పాక అసలు వంకర ఎంతో తెలిసే దారి ఉండదు. తలుపు గుమ్మం దీర్ఘచతురస్రం కాదు కాబట్టి ఒకే గుమ్మంలో రెండు మూలకొలతలను పోల్చుకుంటే ఏమీ తెలియదు. ఎడమ గుమ్మంలో కింది కీలు బోల్టు నుంచి వెనక పై మూలకు ఎంత ఉందో, కుడి గుమ్మంలో అవే బిందువుల మధ్య ఎంత ఉందో చూడాలి. ఇక్కడ తేడా 14 మి.మీ. నడుము రేఖ (కిటికీల అడుగు గీత) దగ్గర ఎడమ గుమ్మం కుడిదాని కంటే 9 మి.మీ. ఇరుకు, గడప దగ్గర మాత్రం వెడల్పు. ఇది కూలిన క్యాబ్ లక్షణం. గడప కింద పొడవునా పెట్టెలా ఉండే రాకర్లు తుప్పు తినేస్తే ముందూ వెనకా కాళ్ల మీద ఉన్న క్యాబ్ మధ్యలో కుంగుతుంది. కింద తెరుచుకుంటుంది, పైన మూసుకుంటుంది.

కప్పు కుడివైపుకు 5 మి.మీ. వాలి ఉంది. అంటే కోత రెండు వైపులా సమానంగా పడలేదు. అయస్కాంతం పెడితే నడుము రేఖకు పైన వెనక గోడంతా అంటుకోలేదు. రంగు మందం గేజి కూడా అక్కడ పనిచేయలేదు. గోకి చూస్తే పుట్టీ 12 మి.మీ. దాకా ఉంది.

అసలు విషయం ముందు స్తంభాల్లో దొరికింది. ఈ క్యాబ్ ముందు స్తంభాలు వెనక్కి వాలి ఉంటాయి. నిటారు గీతకు ఇక్కడ కొలిచిన వాలు 25 డిగ్రీలు. వాలిన స్తంభంలోంచి 76 మి.మీ. ఎత్తు తీసి కప్పును తిన్నగా దించితే పై మొండెం కింది మొండెం మీద కూర్చోదు. 76ను 25 డిగ్రీల టాంజెంట్ 0.466తో గుణిస్తే సుమారు 35 మి.మీ. అంత దూరం పైది వెనక్కి ఉండిపోతుంది. ఈ లెక్క వేయకుండా టాప్ కోసినవాళ్లందరికీ ఈ 35 మిల్లీమీటర్లే ఎదురవుతాయి. పాత పనివాడు కింది మొండేన్ని ఎర్రగా కాల్చి గొలుసుతో వెనక్కి లాగి పైదానికి కలిపాడు. పై మొండెం 25 డిగ్రీల్లోనే ఉంది, కిందిది అంతకంటే వాలింది. అతుకు దగ్గర స్తంభానికి మోకాలు వచ్చింది. చదునైన అద్దం మోకాలున్న అంచు మీద ఎలా కూర్చుంటుంది? రబ్బరు కొంత దాకా సర్దుకుంటుంది, ఆ తర్వాత మొదటి గతుకులో అద్దం మూల నుంచి పగులుతుంది. 12 మి.మీ. పలకను కిటికీ ఆకారంలో కోసి అంచుకు ఆనించి చూస్తే మోకాలి దగ్గర 6 మి.మీ. సందు కనిపించింది. అద్దం కొన్న షాపును మార్చినందువల్ల తగ్గే సమస్య కాదు ఇది.

ఉంచాలా, ఎత్తు తిరిగి ఇవ్వాలా

రెండు దారులున్నాయి. దాత క్యాబ్ (భాగాల కోసం కోసే మరో పాత క్యాబ్) కప్పు తెచ్చి అసలు ఎత్తుకు తేవడం ఒకటి, మూడంగుళాల కోతనే ఉంచి సరిగా మళ్లీ చేయడం రెండోది. ఏ దారిలోనైనా కప్పు దాత నుంచే రావాలి, ఎందుకంటే పాత అతుకులన్నీ ఇత్తడితో పోసినవి. ఎత్తు మీద యజమానికి ఫిర్యాదు లేదు, కోతలో తప్పు కూడా ఎత్తుది కాదు, అతుకుది. అందుకే కోతను ఉంచాం. మూడంగుళాల దాకా డ్రైవర్ చూపుకు ఇబ్బంది రాదు. అంతకంటే లోతుగా కోసిన క్యాబ్ వచ్చి ఉంటే సలహా వేరేగా ఉండేది.

దొరికిన దాత క్యాబ్ గడ్డిలో ఏళ్ల తరబడి కూర్చున్నది. నడుము కింద ఏమీ మిగలలేదు. కప్పు, ముందు స్తంభాలు, వర్షపు గాడి, రెండు తలుపుల పై ఫ్రేములు మాత్రం గట్టిగా ఉన్నాయి. అలాంటప్పుడు దాత క్యాబ్‌నే అసలు బండిగా చేసుకోకూడదా అని కొందరు అడుగుతారు. కింది భాగం పోయింది కాబట్టి అందులో లాభం లేదు. అంతకంటే ముఖ్యంగా బండి నంబరు ప్లేటు ఎడమ తలుపు స్తంభానికి రివెట్లతో ఉంటుంది, కాగితాలు ఆ నంబరువే. ప్లేటు ఊడదీసి ఇంకో క్యాబ్‌కు వేయడం అమెరికాలో నేరం దాకా వెళ్తుంది. ఆ స్తంభం ఉన్న కింది క్యాబ్‌ను కాపాడటమే సరైన పని. ఈ కేసులో ఆ రివెట్లను చివరిదాకా ముట్టుకోలేదు. చుట్టూ కాగితం అంటించి, ఆ స్తంభం మీద ఇసుక బ్లాస్టింగ్ కూడా చేయలేదు.

ముందు పునాది

కప్పు పని చేయాలన్న తొందర అందరికీ ఉంటుంది, ఎందుకంటే కనపడేది అదే. కానీ కుంగిన గడప మీద కప్పు సరిచేస్తే, తర్వాత గడప మార్చినప్పుడు గుమ్మం కదిలి తలుపు మళ్లీ పట్టేస్తుంది. వరుస ఇది: కాళ్లు, గడప, నేల, కీలు స్తంభం, వెనక మూలలు. తర్వాతే కప్పు.

లోపల గొట్టాలతో బ్రేస్ కట్టేముందు క్యాబ్‌ను తిన్నగా చేయాలి. వంకరగా ఉన్నప్పుడే బ్రేస్ వెల్డ్ చేస్తే ఆ వంకరే స్థిరపడుతుంది. ఇది చాలా చోట్ల కనపడే పొరపాటు. క్యాబ్‌ను సొంత ఛాసిస్ మీదే, ఛాసిస్‌ను రసమట్టంతో మట్టం చేసి, ముందు రెండు కాళ్ల బోల్టులు మాత్రం వేసి నిలబెట్టాం. వెనక కాళ్ల పాత వెల్డ్‌ను గ్రైండర్‌తో కోసి విడిపించగానే క్యాబ్ వెనక భాగం దానంతటదే 4 మి.మీ. లేచింది. అంతకాలం దాన్ని బలవంతంగా కిందకు లాగి పట్టి ఉంచారన్నమాట. ఎడమ గుమ్మంలో నడుము ఎత్తున 4 టన్నుల హైడ్రాలిక్ ర్యామ్ పెట్టి, రెండు చివర్లా చెక్క ముక్కలు వేసి, 9 మి.మీ. బదులు 12 దాకా తోశాం. వదిలితే 3 వెనక్కి వచ్చింది. కొలతలు రెండు వైపులా 2 మి.మీ. లోపలికి వచ్చాకే 25 మి.మీ. చదరపు గొట్టం, 1.6 మి.మీ. గోడది, లోపల వెల్డ్ చేశాం: ఒక్కో గుమ్మానికి నడుము ఎత్తున అడ్డంగా ఒకటి, గడప నుంచి పైకి ఏటవాలుగా ఒకటి, ఎడమ నుంచి కుడికి రెండు, నడుము మట్టంలో పడుకున్న ఇంటూ గుర్తు ఒకటి. మొత్తం 18 మీటర్ల గొట్టం పట్టింది. బ్రేస్ తలుపు మూతపడే దారికి అడ్డం రాకుండా 60 మి.మీ. లోపలికి కట్టాలి. తలుపు బిగించి మూసి చూస్తూనే పని చేయాలి గనుక. ఈ పనిలో తలుపును మించిన గేజి లేదు.

గడప పనిలో ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. పాత స్పాట్ వెల్డ్‌లను 8 మి.మీ. బిట్‌తో పై రేకు వరకే తొలిచి లోపలి రాకర్ విప్పాం. కొత్త రాకర్ వెలుపలి రేకు 1.2 మి.మీ., కాళ్ల దగ్గర వేసిన పట్టీలు 1.9 మి.మీ. మార్కెట్లో దొరికే తయారు రాకర్‌ను అలాగే పెడితే కుదరదు. ఇక్కడ వచ్చినది కావలసిన దానికంటే 5 మి.మీ. పొడవెక్కువ, వెనక చివర వంపు కూడా సరిపోలేదు. కోసి సరిచేయాలి తప్ప దానికి తగ్గట్టు క్యాబ్‌ను లాగకూడదు. రేకులు కలిసేచోట జింక్ ప్రైమర్ కొట్టి, 8 మి.మీ. రంధ్రాలు 40 మి.మీ. ఎడంలో చేసి ప్లగ్ వెల్డ్ చేశాం. తలుపు మూసి సందు చూసుకుని, ముందు క్లాంపులతో, తర్వాత స్క్రూలతో, చివరికి వెల్డ్‌తో. మూడు దశల్లోనూ తలుపు ఒకసారి తెరిచి మూసి చూడాలి.

నేలలో పాత పనివాడు పూల డిజైన్ ఇనుప పలకను పాత తుప్పు మీదే రివెట్ చేశాడు. రెండు రేకుల మధ్య చెమ్మ నిలిచి కిందిది పిండి అయ్యింది. దాన్ని తీసేసి 1.5 మి.మీ. రేకుతో, గాడులు కొట్టి, పాదాల దగ్గరి వాలు నుంచి సీటు కింది మెట్టు దాకా వేశాం. వెనక మూలలు లోపలివీ వెలుపలివీ రెండూ మార్చాం. లోపలి మూలను వదిలేసి వెలుపలిదే మార్చడం చవక, కానీ లోపలి తుప్పు రెండేళ్లలో బయటి రేకును తొలుస్తుంది.

ఇక వెనక కాళ్లు. ఈ క్యాబ్‌కు వెనక కంపెనీ ఇచ్చింది ఊగే లింకులు. ఛాసిస్ గతుకుల్లో మెలిపడుతుంది, క్యాబ్ మెలిపడకూడదు. ఆ తేడాను లింకులు మింగుతాయి. వాటిని తీసి నేరుగా వెల్డ్ చేస్తే ఛాసిస్ మెలి అంతా క్యాబ్ వెనక మూలలకు, అక్కడి నుంచి స్తంభాల అతుకులకు చేరుతుంది. ఈ క్యాబ్ వెనక గోడలో కనిపించిన పగుళ్లు రెండూ ఆ దారిలోనివే. కొత్త బుషులతో లింకులు పెట్టాం. బుషు బోల్టులను క్యాబ్ బరువు పూర్తిగా పడ్డాక మాత్రమే చివరి బిగువు బిగించాలి. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే పట్టేస్తుంది.

ఇత్తడి అతుకు మీద ఇనుప వెల్డింగ్ ఎందుకు నిలవదు

ఇత్తడితో పోసిన అతుకును గ్రైండ్ చేసి దాని మీదే మిగ్ వెల్డ్ (వైరు దానంతటదే వస్తూ కరిగే కరెంటు వెల్డింగ్) కొట్టడం చాలామంది చేస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల గ్యాస్‌తో ఇత్తడి పోసే అలవాటున్న టింకర్లకు ఈ భాగం పనికొస్తుంది, ఎందుకంటే పాత పద్ధతి మీద కొత్త వెల్డింగ్ వేయాల్సిన సందర్భం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇనుము కరిగే వేడికి చాలా ముందే ఇత్తడి కరుగుతుంది. అందులోని జింక్ ఆవిరైపోయి వెల్డ్‌లో బుడగలు చేస్తుంది. రాగి ద్రవంగా మారి వేడెక్కిన ఉక్కు రేణువుల మధ్య సందుల్లోకి దిగుతుంది. చల్లారేటప్పుడు రేకు కుంచించుకుని లాగుతుంది, రాగి దిగిన గీత వెంట పగులుతుంది. బయటికి వెల్డ్ బాగానే కనపడుతుంది, పక్కన గాజు గీత లాంటి చీలిక వస్తుంది. మళ్లీ వెల్డ్ కొడితే ఆ పక్కన ఇంకోటి. జింక్ పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. గాలి బాగా ఆడేచోట, శ్వాస మాస్కుతో మాత్రమే ఇత్తడికి మంట పెట్టాలి.

కరిగించి బ్రష్‌తో తుడిస్తే పైది పోతుంది, సందుల్లోకి దిగింది పోదు. కాబట్టి ఇత్తడి పాకిన మేర రేకును కోసి పారేయడమే మార్గం. పాత అతుకు నడుము గీతకు 60 మి.మీ. పైన ఉంది. ఇత్తడి అటూ ఇటూ 8 మి.మీ. పాకింది. ఇంకో 10 మి.మీ. భద్రత వేసుకుని కొత్త కోతను నడుముకు 42 మి.మీ. దగ్గర పెట్టాం. దాత కప్పును 42కు 76 కలిపి 118 మి.మీ. దగ్గర కోశాం. మొత్తం తగ్గిన ఎత్తు అదే 76, ఇత్తడి తిన్న రేకు ఒక్క మిల్లీమీటరు కూడా మిగలలేదు, అతుకు మాత్రం ఒక్కటే. పాత అతుకు ముక్కను కోసి పట్టీ వేస్తే రెండు అతుకులు వచ్చేవి. కప్పు మార్చాలన్న నిర్ణయానికి ఇదే పెద్ద కారణం.

ఇత్తడి మీద కొన్నిచోట్ల సీసం పూత కూడా ఉంది. సీసాన్ని గ్రైండర్‌తో ముట్టుకోకూడదు, ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సన్నటి మంటతో మెత్తబడేదాకా మాత్రమే కాచి, పొడి నూలు గుడ్డతో తుడిచి, రాలిన ముక్కలను డబ్బాలో పెట్టి ప్రమాదకర చెత్తగా అప్పగించాలి. అప్పటి రంగుల్లో కూడా సీసం ఉండేది, అందుకే పొడి ఇసుక కాగితంతో కాక రసాయనంతో రంగు తీశాం. బ్లాస్టింగ్‌ను మందపు భాగాలకే పరిమితం చేయాలి. వెనక గోడ మీద కొడితే రేకు ఉబ్బి మళ్లీ తిన్నగా రాదు.

కప్పు దించడం

కోసేముందు దాత కప్పు లోపల కూడా బ్రేస్ కట్టాలి. కప్పు నాలుగు కాళ్లూ విడిగా ఉన్నప్పుడు రెండు చేతులతో నొక్కితేనే 10 మి.మీ. కదులుతుంది. గీత గీయడానికి టేపు చాలదు. రెండు క్యాబ్‌లనూ మట్టంగా నిలబెట్టి, లేజర్ గీతను చుట్టూ తిప్పి, 3 మి.మీ. మాస్కింగ్ టేపు అంటించి, దాని పై అంచు వెంట 1 మి.మీ. కటింగ్ డిస్కుతో కోశాం. పాత పనిలో కుడివైపు వచ్చిన 5 మి.మీ. వాలుకు కారణం వంపు మీద టేపుతో కొలవడమే అయి ఉంటుంది.

కప్పు పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. అందుకే 118 దగ్గర కోసిన అంచు 42 దగ్గరి అంచు కంటే ఒక్కోవైపు 6 మి.మీ. లోపలికి ఉంది. పాత పనివాడు పైదాన్ని కిందిదాని లోపలికి దూర్చి, ఒకదాని మీద ఒకటిగా ఇత్తడి పోసి, మిగిలిన మెట్టును పుట్టీతో నింపేశాడు. ఆ 12 మి.మీ. పుట్టీ అక్కడిదే. సరైన పని సగం పైన, సగం కింద సర్దడం. కప్పు వెనక మూలల్లో 60 మి.మీ. నిలువు చీలికలు రెండేసి పెట్టి 3 మి.మీ. వెలుపలికి విప్పాం. కింది గోడ మూలల్లో సన్నటి ముక్కోణపు ముక్క తీసి 3 మి.మీ. లోపలికి తెచ్చాం. అంతా పైనే విప్పితే మూల గుండ్రదనం పోయి డబ్బాలా కనపడుతుంది.

అతుకు అంచులు ఎదురెదురుగా, సందు ఒక వైరు మందం మించకుండా కలవాలి. వెనక గోడ పొడవాటి అతుకును టంగ్‌స్టన్ మొనతో చేసే టిగ్‌తో చేశాం, 1.2 మి.మీ. రేకుకు 40 ఆంపియర్ల దరిదాపుల్లో. మిగ్ వెల్డ్ గట్టిది, సుత్తికి లొంగదు. టిగ్ గీత మెత్తగా ఉండి డాలీ (రేకు వెనక పట్టే ఇనుప దిమ్మె) మీద కొడితే పరుచుకుంటుంది. స్తంభాల లోపలి భాగాలకు, కనపడని చోట్లకు మిగ్ చాలు: 0.6 మి.మీ. వైరు, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. టాక్‌లు (చుక్క వెల్డ్‌లు) 25 మి.మీ. ఎడంలో, ఒక చివర ఒకటి, అవతలి చివర ఒకటి. ప్రతి టాక్ చేత్తో తాకేంత చల్లారాక, వెనక డాలీ పెట్టి సుత్తితో కొంచెం సాగదీయాలి. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకున్న రేకును అది తిరిగి ఇస్తుంది. తడిగుడ్డ పెట్టి తొందరగా చల్లార్చడం మాకు నచ్చదు, అంచు గట్టిపడి సుత్తికి మొరాయిస్తుంది. ఇంత జాగ్రత్తలోనూ వెనక కిటికీ కింద అరచేయంత చోట రేకు నొక్కితే 'టప్' మని లోపలికీ బయటికీ ఆడింది. అక్కడ రేకు సాగిపోయింది. ష్రింకింగ్ డిస్కును (రాపిడి వేడితో సాగిన రేకును కుదించే పళ్లెం) నాలుగైదు సార్లు తిప్పాక నిలబడింది.

మోకాలు లేని ముందు స్తంభం

ఆ 35 మి.మీ.ను సర్దడానికి మూడు పద్ధతులున్నాయి. కప్పును అడ్డంగా కోసి పట్టీ వేసి పొడిగించవచ్చు. కానీ కప్పు మధ్యలో ఇంత పెద్ద, తక్కువ వంపున్న రేకు మీద అడ్డంగా పోయే అతుకు వేడికి ముడతపడుతుంది, దాన్ని తిన్నగా తేవడానికి పట్టే పని మిగతా పనంతటికీ సమానం. కప్పును ముందుకు జరిపి వెనక గోడను వంచడం రెండోది, అది వెనక కిటికీని చెడగొడుతుంది. మూడోది స్తంభాన్నే వాల్చడం. దాన్నే ఎంచుకున్నాం, కానీ మొండేన్ని కాదు, మొత్తం స్తంభాన్ని.

అందుకే కింద కాలి మోకాలుపడిన మొండేలను తీసేశాం. దాత నుంచే విడిగా కోసుకున్న పొడవాటి స్తంభాలను కౌల్ (ముందు అద్దం కింది అడ్డరేకు) మీది మలుపు నుంచి పైన హెడర్ (అద్దం పైని అడ్డపట్టీ) దాకా ఒకే ముక్కగా వేశాం, అతుకు మధ్యలో రాకుండా. స్తంభం పొడవు మలుపు నుంచి 365 మి.మీ. 25 డిగ్రీల నుంచి 31కి వాలిస్తే పై కొన 34 మి.మీ. వెనక్కి పోతుంది. మిగిలిన ఒకటిన్నర మిల్లీమీటరు పై అతుకులో సర్దుకుంటుంది. ఇక్కడే చాలామంది మరిచేది ఒకటుంది: వాలిన స్తంభం ఎత్తు కూడా తగ్గుతుంది, ఈ లెక్కలో 18 మి.మీ. ముందే 76 తగ్గించి కోసి తర్వాత వాలిస్తే ముందు భాగం 18 మి.మీ. కుంగి కప్పు ముక్కు కిందకు పడుతుంది. స్తంభాన్ని ఆ మేరకు పొడవు వదిలి కోయాలి.

వాల్చడానికి కాల్చడం అక్కర్లేదు. స్తంభం అడుగున ముందు ముఖాన్ని వదిలి మిగతా మూడు ముఖాలూ కోసి, వెనక ముఖంలో ముక్కోణం తీశాం. స్తంభం లోతు 45 మి.మీ., 6 డిగ్రీలకు వెనక అంచులో తీయాల్సింది సుమారు 4.7 మి.మీ. చల్లగానే వంగి సందు మూసుకుంటుంది. లోపల 1.9 మి.మీ. రేకు ముక్కను ప్లగ్ వెల్డ్‌తో వేసి, తర్వాత సందు వెల్డ్ చేశాం.

స్తంభం 6 డిగ్రీలు వాలింది గానీ హెడర్‌లో అద్దం కూర్చునే అంచు ఇంకా పాత కోణంలోనే ఉంది. దాన్ని అలాగే వదిలితే అద్దం పైభాగం నొక్కుకుపోతుంది. అంచును 40 మి.మీ. ఎడంలో చీల్చి, సుత్తితో 6 డిగ్రీలు తిప్పి, చీలికలు మళ్లీ వెల్డ్ చేశాం. పలకను ఆనించి చూస్తే చుట్టూ గరిష్ఠ సందు 1 మి.మీ. అంచు మందం కూడా చూసుకోవాలి. పాత పనిలో ఒకదాని మీద ఒకటి వేసిన చోట అంచు రెండు రేకుల మందం, 2.4 మి.మీ. రబ్బరు గాడి ఒక రేకు కోసం చేసింది, రెండు రేకుల మీద ఎక్కి ఉబ్బుతుంది, అద్దాన్ని లోపల నుంచి తోస్తుంది. అద్దం పగలడానికి ఇది రెండో కారణం.

తలుపులు, అద్దాలు

తలుపుల పాత ఫ్రేములు కూడా ఇత్తడివే కాబట్టి దాత తలుపుల పై భాగాలు వాడాం. తలుపును బిగించి, మూసి, గుమ్మంలోనే ఫ్రేమును కోసి కట్టాలి. బల్ల మీద కొలతలతో చేసిన ఫ్రేము గుమ్మానికి సరిపడదు. వెనక కాలు అవే 42, 118 గీతల దగ్గర కోశాం, ముందు కాలును స్తంభంతో సమంగా 6 డిగ్రీలు వాల్చాం. గాలి రబ్బరుకు ఎంత చోటుందో తెలియడానికి గుమ్మం చుట్టూ పన్నెండు చోట్ల మెత్తటి మట్టి ఉండలు పెట్టి తలుపు మూసి, నొక్కుకున్న మందం కొలిచాం. వెనక పై మూలలో మందం మిగతావాటిలో సగమే వచ్చింది, అక్కడ ఫ్రేమును లోపలి నుంచి 3 మి.మీ. బయటికి తోయాల్సి వచ్చింది.

అద్దాలన్నింటికీ 3 మి.మీ. హార్డ్‌బోర్డు నమూనాలు కోసి, రబ్బరుతో సహా క్యాబ్‌లో పెట్టి చూసి, ఆ తర్వాతే లామినేటెడ్ అద్దం కోయించాం. టెంపర్ చేసిన అద్దాన్ని కోయలేరు. మధ్య పట్టీని కింది చివర కోసి పొట్టి చేశాం. తలుపు అద్దం పొట్టిదైంది కానీ తలుపు లోతు మారలేదు. పూర్తిగా దించితే అద్దం నడుము రేఖకు 76 మి.మీ. లోపలికి మునిగిపోతుంది, పైకి వచ్చేటప్పుడు ఫెల్టు అంచుకు తగిలి పగులుతుంది. లోపల కింద రబ్బరు ఆపు పెట్టాలి.

ఇంజిన్ గోడ గుంటను పాతది తీసి 1.5 మి.మీ. రేకుతో గుండ్రటి మూలలతో మళ్లీ చేశాం. ట్యాంకు మూతి రంధ్రానికి కూడా ఎదురెదురు అతుకుతో గుండ్రటి ముక్క వేశాం. ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద అతుకులకు సీలర్ ఆరు గొట్టాలు. పుట్టీ ప్రైమర్ మీదే పెట్టాం, ఎక్కడా 2 మి.మీ. దాటలేదు. గడపల్లో, స్తంభాల్లో పొడవాటి గొట్టంతో క్యావిటీ మైనం పోశాం, అడుగున నీరు పోయే రంధ్రాలు పుల్లతో తెరిచి ఉంచాం. నీటి పరీక్షను ఒత్తిడి లేని గొట్టంతో కింద నుంచి పైకి చేయాలి. పై నుంచి మొదలుపెడితే కారింది ఎక్కడో తెలియదు. హెడర్ ఎడమ మూలలో ఒక చుక్క వచ్చింది, రబ్బరు అతుకు కింద సీలర్ పెట్టాక ఆగింది.

తలుపుల సందు చివరికి 4 నుంచి 5.5 మి.మీ. మధ్య ఉంది. ఎడమ తలుపు కింది వెనక మూల మాత్రం 1.5 మి.మీ. బయటికి నిలబడింది. దాన్ని వంచితే పై ఫ్రేము లోపలికి పోతోంది, అందుకే వదిలేశాం. 2,400 కి.మీ. నడిచాక మళ్లీ చూస్తే ముందు అద్దాలు రెండూ నిలిచి ఉన్నాయి. కుడి వెనక మూలలో సీలర్ మీద వెంట్రుక వాసి గీత కనిపించింది. కింద చూస్తే ఆ వైపు లింకు బోల్టు వదులైంది. బిగించి, సీలర్ గీకి మళ్లీ వేసి, పక్కన తేదీ రాసి పెట్టాం.